పెట్టె దించు

మా అత్తగారి వైపు వాళ్లకు కళ్లు తిరిగి పడిపోవడం ఇంటి విద్య. అత్తయ్య పడిపోతుంది. వాళ్లమ్మ పడిపోయేదట. వాళ్ల పిన్ని తన పెళ్లిలోనే పడిపోయి పెళ్లికొడుకుని హడలగొట్టిందట. రక్తం చూస్తే పడతారు, సూది చూస్తే పడతారు, ఉక్కలో ఎక్కువసేపు నిలబడితే పడతారు. పడి, లేచి, ఒళ్లు దులుపుకుని, ఆ సంగతి చుట్టాలకు కథలు కథలుగా చెప్పుకుని నవ్వుతారు. ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఇన్నేళ్లయినా నేను ఒక్కసారీ పడలేదు. అందుకని అత్తయ్య నాకు గుంజ అని పేరు పెట్టింది. పాతేసిన గుంజకి పడిపోయేవాళ్ల సంగతి ఏం తెలుస్తుందని, ఏ విషయంలోనైనా నా నోరు మూయించడానికి వాళ్లకు అదో వంక దొరికింది.

మాది ఇస్త్రీ కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. కొట్టులో గోడ పొడుగునా ఇస్త్రీ బల్లలు, వాటి మీద మందపాటి దుప్పట్లు, ఒక్కో బల్లకీ ఒక బరువైన కరెంటు ఇస్త్రీ పెట్టె. తడి బట్ట మీద పెట్టె ఆనిస్తే లేచే ఆవిరికి గోడల సున్నం ఎప్పుడో ఉబ్బి రాలిపోయింది. హోటల్ వంటవాళ్ల తెల్లకోట్లు, ఆసుపత్రి దుప్పట్లు, ఆఫీసులకు వెళ్లేవాళ్ల చొక్కాలు, అన్నీ మా దగ్గరికే వస్తాయి. అత్తయ్య, వదిన, నేను బల్లల దగ్గర నిలబడతాం. మా ఆయన మూటలు కట్టి సైకిల్ మీద చేరవేస్తాడు. వదిన అంటే మా ఆయనకు అక్క. పెళ్లి మాటెత్తితే ఇస్త్రీ పెట్టె చూపించి, నాకు రోజూ ఇంత వేడి చాలని నవ్వేసేది.

అలాంటి వేడిలో పడిపోయే వంశం ఎలా నెగ్గుకొచ్చిందంటే, దానికో కట్టుబాటు ఉంది. కళ్లు తిరిగేలా ఉన్నాయని తోచిన క్షణం, ఎంతటి పనిలో ఉన్నా ముందు చేతిలో పెట్టెని ఇనుప పీట మీద పెట్టేసి, "పెట్టె దించా" అని కేక వెయ్యాలి. ఆ మాట వినబడిందంటే ఎక్కడి పని అక్కడ వదిలేసి పరిగెత్తి, ఆ మనిషిని నేల మీద పడుకోబెట్టి, కాళ్ల కింద ఒక మూట తోసేవాళ్లం. ఒక్కోసారి ఆ మనిషికి తెలియకముందే పక్కవాళ్లకు తెలిసిపోయేది. అప్పుడు "పెట్టె దించు" అని పక్కవాళ్లే అనేవారు. అన్నాక ఎందుకు, ఏమిటి అని అడగడం ఉండదు. దించడమే. మా ఆయనకీ వదినకీ అక్షరాలు నేర్పకముందే అత్తయ్య ఈ మాట నేర్పిందట.

ముందుగా తెలియడమెలాగో అత్తయ్య నాకు కాపురానికి వచ్చిన కొత్తలోనే పాఠం చెప్పింది. ఆవలింతల మీద ఆవలింతలు వస్తాయి. కడుపులో తిప్పుతుంది. చెమట పడుతుంది గాని ఒళ్లు చల్లగా ఉంటుంది. చెవుల్లో హోరు, ఎదుటివాళ్ల మాట ఎక్కడో దూరంగా వినిపిస్తుంది. చూపు అంచుల నుంచి మసకబారుతూ లోపలికి వస్తుంది. ఇవన్నీ అయ్యాకే పడతాం, పెట్టె దించడానికి కావలసినంత వ్యవధి దేవుడు ఇచ్చాడు అనేది. చిన్నతనంలో ఆవిణ్ణి ఎవరో పెద్ద డాక్టరుకి చూపిస్తే, ఇది ప్రాణం మీదికి వచ్చేది కాదు, నీళ్లు బాగా తాగమ్మా అని నవ్వి పంపించాడట. ఆ నవ్వు ఆ ఇంట్లో ఆస్తిలాగా తరం నుంచి తరానికి వచ్చింది. మా కొట్టులో ఇన్నేళ్లలో ఒక్క బట్ట కాలలేదని అత్తయ్య ఎవరితోనైనా చెప్పుకునేది.

మామయ్యను నేను చూడలేదు. మా ఆయన చిన్నప్పుడే మూటలు చేరవేస్తూ వంతెన మీద సైకిల్ తిరగబడి పోయాడు. "మీ మామయ్య కూడా నీలాగా గుంజే. మా అందరినీ లేవదీయడమే గాని ఆయన ఒక్కనాడూ పడలేదు" అని అత్తయ్య చెబుతుండేది. ఆ సైకిల్‌నే బాగుచేయించి ఇప్పుడు మా ఆయన తొక్కుతున్నాడు.

కాలిన వాసన వచ్చిన రోజు నేను వెనక గదిలో దుప్పట్లు మడత పెడుతున్నాను. మొదట వీధిలో ఎవరో చెత్త తగలబెట్టారనుకున్నాను. మా కొట్టులో ఆ వాసన రాదు గదా. ఆ తర్వాత, అంతకుముందే దబ్బుమని ఏదో పడిన చప్పుడు నేను విన్నానని గుర్తుకొచ్చి, చేతిలో దుప్పటి అక్కడే పారేసి ముందుకు పరిగెత్తాను.

వదిన బల్ల కింద బోర్లా పడి ఉంది. బల్ల మీద తెల్లకోటు, దాని మీద ఇస్త్రీ పెట్టె, దాని చుట్టూ పొగ. ముందు పెట్టె తీసి పీట మీద పెట్టాను. ఆ తర్వాత వదిన దగ్గర కూర్చుని వెల్లకిలా తిప్పాను. పెదవి చిట్లి మొహమంతా రక్తం. ముందు పన్ను ఒకటి సగం విరిగింది. మా వాళ్లు పడితే మోకాళ్ల మీద కూలబడి, పక్కకు ఒరుగుతారు. ఇలా మొహం మీద పడినవాళ్లను నేను ఎప్పుడూ చూడలేదు.

నా కేకలకు అత్తయ్య మేడ దిగి వచ్చి, రక్తం వైపు చూడకుండా మొహం పక్కకు పెట్టుకునే కూతురి కాళ్ల కింద మూట తోసింది. అంతలో వదిన కళ్లు తెరిచి, నన్ను చూసి, బల్ల మీద కోటు చూసి, "అయ్యో, ఎవరు కాల్చారు దీన్ని?" అంది.

అత్తయ్య నవ్వింది. ఆ రోజు అందరూ ఆ మాటకే నవ్వారు. సాయంత్రం మా ఆయన వచ్చాక మళ్లీ చెప్పుకుని నవ్వారు. నవ్వు అయ్యాక అత్తయ్య కోపం మొదలైంది. పెట్టె దించకుండా ఎలా పడ్డావు, ఆలోచన ఎక్కడ పెట్టుకుని పని చేస్తున్నావు, ఇన్నేళ్ల పేరు ఒక్క పూటలో మంటగలిపావు అని కూతుర్ని దులిపేసింది. వదిన వాచిన పెదవితో తలొంచుకుని, తెలియలేదమ్మా అంది. అత్తయ్య దాన్ని సాకు కిందే జమకట్టేసింది. తెలియకపోవడం ఏమిటి, మన వాళ్లలో తెలియనిది ఎవరికి అంది. తానే స్వయంగా హోటల్‌కి వెళ్లి తప్పయిందని చెప్పి వచ్చింది. కాలిన కోటుని మాత్రం పారెయ్యకుండా, వదినకు బుద్ధి రావాలని ఆమె బల్ల ఎదురుగా మేకుకి తగిలించింది. దాని రొమ్ము మీద ఇస్త్రీ పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ.

ఆ మచ్చని చూసినప్పుడల్లా తెలియలేదమ్మా అన్న వదిన మాటే నాకు చెవిలో పడేది. మర్నాడు ఒంటరిగా దొరికినప్పుడు పట్టుకుని అడిగాను. ఆవలింతలు రాలేదు. చెమట పట్టలేదు. చెవుల్లో హోరు లేదు. "బొత్తాం పక్కన ముడత తీస్తున్నానే. ఆ తర్వాత కనబడింది నీ మొహం. మధ్యలో ఏమీ లేదు" అంది. ఇంకా తవ్వితే మరో సంగతి బయటపడింది. ఈ మధ్య మూట పట్టుకుని మేడ మెట్లు ఎక్కుతుంటే గుండె ఉన్నట్టుండి దడదడలాడి, గాడి తప్పినట్టయి, మళ్లీ దానంతటదే సర్దుకుంటోందట. వయసు మీద పడుతోంది, బరువులు మొయ్యలేకపోతున్నాను అని నవ్వేసింది. వదినకి ఏం వయసు? నాకంటే కాస్త పెద్దది.

నాకు భయం అక్కడ పట్టుకుంది. వైద్యం గురించి నాకు ఓనమాలు కూడా తెలియవు. కానీ ఒకే కొట్టులో ఇన్నేళ్లు ఒకే రకం పడిపోవడం చూసిన కళ్లకు ఇది వేరే రకమని తెలియడానికి చదువు అక్కర్లేదు. ఆసుపత్రికి వెళదామని వదిన వెంటపడ్డాను. డాక్టరు నవ్వుతాడంది. అత్తయ్యతో చెబితే, పడని దానివి నువ్వా మాకు పడడం గురించి చెప్పేది అంది. మా ఆయన నయం, నవ్వలేదు. పెళ్లాం మాట, తల్లి మాట ఒకేసారి వినబడితే ఎప్పుడూ చేసే పనే చేశాడు. నీళ్లు నమిలి, సైకిల్ తీసుకుని బయటికి పోయాడు. వెళుతూ వెళుతూ, నీకు చీమ చిటుక్కుమన్నా భయమేనే అని ఒక మాట విసిరి పోయాడు.

నిజమే, నాకు భయం ఎక్కువ. ఆ రోజుల్లో ఇంకా ఎక్కువైంది. వదిన స్నానానికి వెళితే తలుపు బయట నిలబడి బకెట్లో నీళ్ల చప్పుడు వింటూ ఉండేదాన్ని. చప్పుడు ఆగితే తలుపు తట్టేదాన్ని. మెట్లెక్కుతుంటే వెనక, దిగుతుంటే ముందు. ఆమె చేతిలో పెట్టె ఉన్నంతసేపూ నా బల్ల మీది చొక్కాల పని సరిగ్గా నడవలేదు, కాలర్లకు రెండేసి మడతలు పడ్డాయి. చివరికి వదినకు విసుగొచ్చి, "నా తోకవా నువ్వు? పడితే పడతాను, లేస్తాను. మా వాళ్లకు అలవాటే" అని కసురుకుంది. నాకూ ముక్కు మీద కోపం. పడితే నేను లేవదీయనని అనేసి వచ్చి, వెనక గదిలో దుప్పట్ల మూట మీద కూర్చుని ఏడ్చాను.

మళ్లీ పడినప్పుడు ఎండా లేదు, వేడీ లేదు. మధ్యాహ్నం పెట్టెలన్నీ ఆర్పేసి, వీధి తలుపు బార్లా తీసి, ముగ్గురం టీ తాగుతున్నాం. గాలి చల్లగా వస్తోంది. మా ఆయన హోటల్ మూటలు తీసుకుని వెళ్లాడు. వదిన స్టూలు మీద కూర్చుని ఒక చొక్కాకి ఊడిన బొత్తాం కుడుతూ, హోటల్ పెద్ద వంటవాడి బొజ్జకి ఏ కోటూ బొత్తాలు నిలవవని చెబుతోంది. ఆయన ఊపిరి బిగబట్టి కోటు తొడుక్కుంటాడట, తుమ్మితే మాత్రం అని నవ్వుతూ ఆగింది.

నేను ఆ తుమ్ము కోసం ఎదురుచూస్తూ ఆమె మొహంలోకే చూస్తున్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి. వాటిలో మనిషి లేదు. మొహంలో రక్తమంతా ఎవరో ఒక్కసారిగా తోడేసినట్టు పాలిపోయింది. అలాగే పక్కకు, ఒక మూట ఒరిగినట్టు, స్టూలు మీంచి నేల మీదికి పోయింది. నేను చెయ్యి చాచేలోపే తల నేలకి తగిలింది. చెయ్యి ఒకటి రెండుసార్లు అదిరి ఆగింది. ముక్కు దగ్గర వేళ్లు పెడితే నాకు ఊపిరి తగల్లేదు. నా వేళ్లే వణుకుతున్నాయో, ఊపిరే లేదో అర్థం కాలేదు. పోయింది అనుకున్నాను. నా ఎదురుగా, నవ్వుతూ నవ్వుతూ పోయింది అనుకున్నాను.

అంతలో పెద్ద ఊపిరి ఒకటి తీసింది. బుగ్గలకి రంగు తిరిగి వచ్చింది. కళ్లు తిప్పి, నన్ను చూసి, చిరాగ్గా మొహం చిట్లించింది.

అత్తయ్య అప్పటికే మూట లాక్కుని వస్తోంది. కాళ్ల కింద పెట్టి, పంచదారా ఉప్పూ కలిపిన నీళ్లు తెమ్మని నాకు చెబుతోంది, రోజూ చెప్పే గొంతుతోనే. నాకు ఆ గొంతు విని ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లలో అత్తయ్య ముందు నేను గొంతు పెంచలేదు. ఆ రోజు నా గొంతు వీధి చివరిదాకా వినబడి ఉంటుంది.

"అత్తయ్యా, మీరు ఎన్నోసార్లు పడ్డారు. ఒక్కసారైనా కూర్చుని ఉండగా పడ్డారా? మాట మధ్యలో పడ్డారా? ఒక్కసారైనా పెట్టె చేతిలో ఉండగా పడ్డారా?"

అత్తయ్య నా వైపు చూసింది. కసరబోయి ఆగింది. తర్వాత వంగి, కూతురి కుడిచెయ్యి తీసుకుని పిడికిలి విప్పింది. రెండు వేళ్ల మధ్య దారం ఎక్కించిన సూది ఇంకా అలాగే ఉంది. పడేటప్పుడు చేతిలోది దించాలని పాలు తాగే వయసు నుంచి నేర్పిన చెయ్యి అది. అత్తయ్య ఆ సూదిని చాలాసేపు చూసింది. సూది చూస్తే పడిపోయే మనిషి. పడలేదు. తలెత్తి ఎదురుగా మేకుకి వేలాడుతున్న కోటు వైపు చూసింది.

"దానికి నిజంగానే తెలియలేదు" అంది. ఆ మాట నాతో అనలేదు, వదినతో అనలేదు. ఆవిడ గొంతులో భయం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. "అంబులెన్స్‌ని పిలువమ్మా" అంది.

వదిన లేచి కూర్చోబోయింది. తనకేం కాలేదంది, వీధిలో అందరూ చూస్తారంది, బొత్తాం సగంలో ఉందంది. అత్తయ్య ఆమె భుజాలు నొక్కి పట్టుకుని మళ్లీ పడుకోబెట్టింది. అంబులెన్స్ వచ్చేదాకా ఆ చేతులు తియ్యలేదు. ఫోన్లో అవతలి మనిషి, ఆమె ఊపిరి తీసుకుంటోందా, మాట్లాడుతోందా, ఛాతీలో నొప్పి ఉందా అని అడుగుతుంటే నేను జవాబు చెబుతూ వదిన మొహం మీంచి చూపు తిప్పలేదు. ఎప్పుడు ఆ కళ్లలోంచి మనిషి మళ్లీ మాయమవుతుందో అని నా భయం.

ఆసుపత్రిలో వదినను పడుకోబెట్టి, ఛాతీకీ చేతులకీ కాళ్లకీ తీగలు అంటించి ఈసీజీ తీశారు. ఆ కాగితం చూసిన నర్సు గబగబా వెళ్లి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. వదిన మంచాన్ని అప్పటికప్పుడే తోసుకుంటూ వేరే గదిలోకి తీసుకుపోయి, గుండె కొట్టుకోవడాన్ని గీతలుగా చూపించే యంత్రానికి తగిలించారు. మమ్మల్ని బయట బెంచీ మీద కూర్చోమన్నారు.

డాక్టరమ్మ మా దగ్గరికి వచ్చి కూర్చుంది. పెద్ద వయసు కాదు, అలసిపోయిన మొహం. మొదటినుంచీ చెప్పమంది. అత్తయ్య అలవాటు కొద్దీ వంశం నుంచి మొదలుపెట్టింది. అమ్మ, పిన్ని, తాను, ఉక్క, సూది, పెట్టె దించడం. డాక్టరమ్మ నవ్వలేదు, విసుక్కోలేదు, చివరిదాకా విని తల ఊపింది. మీ వాళ్లు చేసేది సరైన పనే, కళ్లు తిరిగేముందు కూర్చోవడం, పడుకోవడం, కాళ్లు ఎత్తడం, అందులో తప్పు లేదంది. అలా ముందుగా చెప్పి వచ్చే స్పృహ తప్పడం చాలావరకు భయపడాల్సింది కాదంది.

"మీ అమ్మాయిది అది కాదమ్మా. దీనికి ముందు హెచ్చరిక లేదు. కూర్చుని ఉండగా వచ్చింది. దెబ్బలు తగిలేలా పడింది. అంతకుముందు గుండె దడ ఉంది. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు రావాలి. గుండె కొట్టుకునే తీరు మధ్యలో తప్పుతోంది, తప్పినంతసేపూ తలకి రక్తం అందడం లేదు. సర్దుకుంది కాబట్టి లేచింది."

సర్దుకోకపోతే అని నేను అడగలేదు. అడగాల్సిన అవసరం లేకుండా ఆవిడ మొహంలోనే ఉంది. ఇప్పుడు యంత్రం మీద కళ్లు పెట్టి మనుషులు ఉన్నారని, వైద్యం ఉందని, సమయానికే తెచ్చారని చెప్పింది. సమయానికి అన్న మాటకి అత్తయ్య తల దించుకుంది. మేకుకి వేలాడిన కోటు మా ఇద్దరికీ కళ్ల ముందు ఆడింది.

తర్వాత డాక్టరమ్మ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయారా అని అడిగింది. లేదని అత్తయ్య వెంటనే చెప్పింది. మా వాళ్లంతా పడతారు గాని నిండా బతుకుతారంది.

నాన్నగారి వైపు అని డాక్టరమ్మ మళ్లీ అడిగింది.

వాళ్ల నాన్న చిన్న వయసులోనే పోయాడు గాని అది జబ్బు కాదు, సైకిల్ మీంచి పడ్డాడు అని అత్తయ్య చెప్పింది. బండి ఏదైనా గుద్దిందా అంటే లేదంది. వంతెన ఎక్కుతున్నాడు, ముందూ వెనకా ఎవరూ లేరు, ఖాళీ రోడ్డు. గుంతలో పడి ఉంటాడని అందరూ అనుకున్నారంది. గుంత ఉందా అని డాక్టరమ్మ అడిగింది. ఇన్నేళ్లూ ఆ ప్రశ్న అత్తయ్యను ఎవరూ అడగలేదు, ఆవిడా తనను తాను అడగలేదు.

పడేటప్పుడు చేతులు అడ్డం పెట్టుకున్నారా, అరచేతులు చెక్కుకున్నాయా అని డాక్టరమ్మ మెల్లగా అడిగింది.

"చేతులకి గీత కూడా పడలేదు" అంది అత్తయ్య. "మొహమే. నేనే కడిగాను. హ్యాండిల్ పట్టుకునే ఉన్నాడని చూసినవాళ్లు అన్నారు."

గుంజ అన్నాను ఆయన్ని అని గొణిగింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మంచుగడ్డలా ఉంది. ఇద్దరం ఏడవడానికి కూడా వీలు లేకపోయింది. డాక్టరమ్మ ఇంకో ప్రశ్న అడుగుతోంది, ఆ అమ్మాయికి తోడబుట్టినవాళ్లు ఉన్నారా అని. ఇలాంటివి తండ్రి నుంచి పిల్లలకు రావచ్చు, ఉంటే వాళ్లనీ చూడాలి, వీలైతే ఈ రోజే చూస్తే మంచిది, అప్పటిదాకా పరుగులూ బరువులూ వద్దు.

అత్తయ్య నన్ను చూసింది. నేను అత్తయ్యను చూశాను. ఈ హడావుడిలో అక్క సంగతి చెప్పడానికి నేనే ఇందాక బెంచీ మీంచి మా ఆయనకి ఫోన్ చేశాను. ఆసుపత్రికి వచ్చెయ్యమని నేనే చెప్పాను. హోటల్ నుంచి ఆసుపత్రికి ఉన్నది ఒక్కటే దారి, వంతెన మీదుగా. అక్కకి ఏమైందోనని ఆదరాబాదరాగా, మాసిన బట్టల మూట వెనక కట్టుకుని, తండ్రి సైకిల్ తొక్కుకుంటూ వస్తున్నాడు.

ఆయనకి ఫోన్ చెయ్యబోయాను. ఫోన్ రెండుసార్లు జారింది. మోగుతోంది, మోగుతోంది, ఎత్తడు. మోగిన ప్రతిసారీ నాకు వంతెన నడినెత్తిన తిరగబడిన సైకిల్, గాలిలో తిరుగుతున్న చక్రం కనబడ్డాయి. మళ్లీ చేశాను. ఎత్తాడు. ఆయాసపడుతున్నాడు.

"ఏమండీ, సైకిల్ దిగండి. ఇప్పుడే దిగండి" అన్నాను.

అక్కకి ఎలా ఉందని అడిగాడు. బాగానే ఉంది, ముందు మీరు దిగండి అన్నాను. వంతెన సగం ఎక్కేశాను, ఇంకాస్త తొక్కితే అవతల అంతా పల్లమే, వచ్చేస్తున్నా అన్నాడు. డాక్టరమ్మ చెప్పింది, మామయ్య సంగతి, గుండె సంగతి అని నేను ఏదేదో కలగాపులగంగా చెబుతుంటే, మొదలుపెట్టావా తల్లీ నీ భయాలు, నాకేమైంది, రాయిలా ఉన్నాను అన్నాడు. గాలి చప్పుడులో పెడల్ కిర్రుమనడం నాకు వినబడుతూనే ఉంది. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఇంకా తొక్కుతున్నాడు. నా భయానికి ఆ ఇంట్లో ఎప్పుడూ విలువ లేదు. ఇప్పుడు దాని వెనక నిజం ఉందని చెప్పడానికి నా దగ్గర వేరే గొంతు లేదు.

అత్తయ్య ఫోన్ లాక్కుంది. నేను దానికి చెవి ఆనించాను. అరవలేదు. ఇస్త్రీ బల్లల మధ్య నిలబడి అనేటప్పటిలాగే అంది.

"పెట్టె దించు రా."

అంతే అంది. పెడల్ చప్పుడు ఆగింది. బ్రేకు కీచుమంది. సైకిల్ స్టాండ్ వేసిన ఇనుప చప్పుడు, ఆ తర్వాత ఊపిరి మాత్రం. ఆసుపత్రి వరండాలో మేమిద్దరం ఆ ఊపిరిని వింటూ నిలబడ్డాం.

"దించానమ్మా" అన్నాడు. ఆ తర్వాత చిన్నపిల్లాడి గొంతు వచ్చింది. "నీకెలా తెలిసింది? ఇప్పుడే గుండె దడదడలాడుతోంది. పైకి ఎక్కేటప్పుడు ఈ మధ్య ఇలాగే అవుతోంది. అది భయపడుతుందని ఇంట్లో చెప్పలేదు."

అత్తయ్య ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని, కూర్చో నాన్నా, వంతెన గోడకి ఆనుకుని కూర్చో, లేవకు, మాట్లాడుతూ ఉండు అంటోంది. నేను డాక్టరమ్మకు ఒక్క ముక్కలో చెప్పాను. ఆవిడ అంబులెన్స్ పంపమని అటెండరుకి కేక వేసింది. నేను డ్రైవరు పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాను. దారిపొడుగునా అద్దంలోంచి రోడ్డుకే కళ్లప్పగించి, ఎక్కడా గుంపు కనబడకూడదని, నిలబడి కిందికి చూస్తున్న మనుషులు కనబడకూడదని మొక్కుకుంటూనే ఉన్నాను.

గుంపు లేదు. వంతెన మధ్యలో సైకిల్ స్టాండ్ మీద నిలబడి ఉంది, మూట కట్టింది కట్టినట్టే ఉంది. మా ఆయన గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. ఫోన్ స్పీకర్‌లో పక్కన పెట్టాడు, అందులోంచి అత్తయ్య ఇంకా మాట్లాడుతూనే ఉంది. వాళ్లమ్మ చిన్నప్పుడు నేర్పినట్టు రెండు చేతులూ ఖాళీగా మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. నన్ను చూసి నవ్వబోయి నవ్వలేకపోయాడు. నాతో కాపురం చేసిన ఇన్నేళ్లలో ఆయన మొహంలో భయం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను. చూశాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది.